కుడిచెవి మూతపడ్డ ఆషాఢం

ఆ రోజు పొద్దున ఫోన్ మోగితే అలవాటుగా కుడిచెవి దగ్గర పెట్టుకున్నాను. అవతలివైపు ఎవరూ మాట్లాడటం లేదు. రెండుసార్లు హలో అని పెట్టేశాను. మళ్లీ మోగింది, మళ్లీ అంతే. ఈసారి స్పీకర్ నొక్కితే మా బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే అన్న గొంతు గదంతా వినిపించింది. "ఎత్తుతున్నవ్, పెట్టేస్తున్నవ్. ఏమైంది చెల్లె?" అంటున్నాడు. ఫోన్ పాడైందనుకున్నాను. ఎందుకో అనుమానం వచ్చి కుడిచెవి పక్కన చిటిక వేసుకున్నాను. ఏమీ వినపడలేదు. ఎడమచెవి పక్కన వేస్తే వినిపించింది.

రాత్రి పడుకునేటప్పుడు రెండు చెవులూ బాగానే ఉన్నాయి.

పంజాగుట్టలో ఒక చెవి డాక్టరు గారి దగ్గరికి ఆటోలో వెళ్లాను. ట్రాఫిక్ హారన్లన్నీ ఎడమవైపు నుంచే వస్తున్నాయి, కుడివైపు బస్సు ఆనుకుని పోతున్నా సరే. ఆయన చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేయించారు. లోపలి నరం దెబ్బతిన్నదని, ఇలా ఉన్నట్టుండి రావడం ఉంటుందని, మాత్రలు ఈరోజే మొదలుపెట్టాలని చెప్పారు. తిరిగి వస్తుందా అని అడిగాను. కొందరికి పూర్తిగా వస్తుంది, కొందరికి కొంత వస్తుంది, కొందరికి అసలు రాదు, ఇప్పుడే చెప్పలేనన్నారు. ఏం పని చేస్తారని అడిగారు. పాటలు రాస్తాను, గిటార్ వాయిస్తాను, వేరేవాళ్ల పాటలు రికార్డు చేసి మిక్సింగ్ చేస్తాను అన్నాను. ఆయన మందుల చీటీ రాసిచ్చారు. తర్వాత, హెడ్‌ఫోన్స్ మాత్రం ముట్టుకోవద్దన్నారు.

నా పని గురించి కొంచెం చెప్పాలి. మా వాళ్లది కృష్ణా జిల్లా. నాన్న ఎర్రమంజిల్‌లో ప్రభుత్వ ఉద్యోగి, నేను అక్కడి క్వార్టర్స్‌లోనే పెరిగాను. కాలేజీ రోజుల్లో ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పైన అట్ట లేని క్యాసెట్ ఒకటి కొన్నాను. ఎవరో అమెరికా పల్లెటూరాయన, గిటారు, బాంజో, వెనక ఫిడేలు. గనుల గురించి, వాన పడని చేల గురించి, తాగి ఇంటికి రాని తమ్ముడి గురించి పాడుతున్నాడు. గొంతు గొప్పదేం కాదు, పక్కింటాయన అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టుంది. ఆ సంగీతాన్ని అమెరికానా అంటారని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. అప్పటికే ఆ బాణీల్లో తెలుగు పాటలు కట్టడం మొదలుపెట్టాను. హోటళ్లలో వాయించాను, చర్చి పెళ్లిళ్లలో వాయించాను, సినిమా పాటలకి గిటార్ పట్టాను. చివరికి అమీర్‌పేటలో, బల్కంపేట వెళ్లే దారిలో, రెండో అంతస్తు ఫ్లాట్ అద్దెకు తీసుకుని కిటికీలకు పరుపులు కొట్టి స్టూడియో చేసుకున్నాను. సొంత అన్న కాకపోయినా, అన్న మొదటినుంచీ నాతోనే ఉన్నాడు. మా రికార్డుల్లో అన్నీ నేనే వినేదాన్ని, నేనే తేల్చేదాన్ని. ఒక నియమం కూడా పెట్టుకున్నాను: పాట మొదటినుంచి చివరిదాకా ఒక్క ఊపులో పాడాలి. ముక్కలు అతికించిన పాట నాకు పాటలా అనిపించేది కాదు.

చెవి పోయిన వారం మా చేతిలో ఉన్న ఆల్బమ్ ఒక అమ్మాయిది. ఎర్రగడ్డ మార్కెట్ వెనకాల ఉండే కుటుంబం. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేది. సాయంత్రాలు దక్కనీ ఉర్దూలోనూ తెలుగులోనూ పాటలు రాసుకునేది. హాస్టల్ గదుల గురించి, ఉద్యోగం రాక ఊరికి తిరిగి వెళ్లలేని పిల్లల గురించి. నాకు ఆ పాటలంటే ప్రాణం. ఇంకా మూడు పాటలు మిగిలున్నాయి. ఆమెకి ఏడో నెల. ఆ వారం దాటితే పుట్టింటికి వెళ్లిపోతుంది, ఆ తర్వాత పాడొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆపైన ఎల్లమ్మ తల్లి కల్యాణం, బోనాలు దగ్గరపడుతున్నాయి. ఒకసారి మైకులు, డప్పులు మొదలైతే ఎన్ని పరుపులు కొట్టినా మా ఫ్లాట్‌లో రికార్డింగ్ జరగదు.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన ఆ మధ్యాహ్నమే అన్ననూ ఆమెనూ పిలిచి సంగతి చెప్పాను. ఆమె దుపట్టా అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నాకేం కావాలో, మందులు వేసుకున్నానో లేదో అడిగింది. నన్ను అక్క అనే అర్థంలో ఆపా అంటుంది. మర్నాడు వచ్చి నిలబడే చెప్పింది:

"ఆపా, మీకు చెప్పకుండ చెయ్యబుద్ధి కాలే. మా ఆయన పంజాగుట్టల ఇంకో స్టూడియో అడిగిండు. వాళ్లు రేపే రమ్మన్నరు. ఆడ లైన్ లైన్ పాడితే సాలంట. నాకిప్పుడు అంత దమ్ము ఆగుతలేదు ఆపా."

నాకు ఒళ్లు మండింది. ఏడు పాటలు ఇక్కడ చేసి, చివరి మూడు ఎవరికో ఇస్తావా అన్నాను. అన్న లేచి వెళ్లి ఆమెకు కుర్చీ వేశాడు, నావైపు తిరిగాడు.

"ఆమెది తప్పేమున్నది చెల్లె? గా పొట్ట ఏసుకొని ఇన్ని మెట్లు ఎక్కొస్తుంది. ఒక్కొక్క లైను మనమే తీసుకుందాం. నువ్వు వద్దంటవని నాకు తెల్సు. కానీ ఇప్పుడు వినేది నేను కదా."

అన్ని ఏళ్లలో ఆయన నాతో అలా మాట్లాడలేదు. కుడివైపు స్పీకర్‌లో ఏముందో నాకు నిజంగానే తెలియదు.

ఆమె ఉండిపోయింది, అన్న వినేటట్టయితేనే అని. శబ్దాలు సర్దే మిక్సింగ్ బోర్డు దగ్గర ఆయన కూర్చున్నాడు. నేను గిటార్ పట్టుకుని గదిలో ఆమె పక్కన, ఎడమచెవి ఆమెవైపు ఉండేలా కూర్చున్నాను. రెండు చిన్న పాటలు ఆ రోజు అయిపోయాయి. మూడోది పొడుగు పాట. ప్రతి చరణం చివర ఒక లైను సాగుతుంది, ఊపిరి బిగబట్టకపోతే తెగిపోతుంది. రెండు చరణాలు పాడింది. మూడోదానిలో మాట మధ్యలో ఆగి, పొట్ట పట్టుకుని ముందుకు వంగింది.

నేను గిటార్ కింద పెట్టి పట్టుకున్నాను. ముఖమంతా చెమట. నీళ్లు తాగించాను, నేల మీద పరుపు వేసి ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాను. అన్న ఆమె భర్తకు ఫోన్ చేశాడు. నేను డాక్టరమ్మకు చేసి, కంగారులో మళ్లీ కుడిచెవికే పెట్టుకుని, ఏమీ వినపడక ఫోన్ అన్న చేతికివ్వాల్సి వచ్చింది. నొప్పి మళ్లీ వస్తే వెంటనే తీసుకురమ్మని, రాకపోతే పడుకునే ఉండమని చెప్పిందట. ముగ్గురం గోడ గడియారం చూస్తూ ఉన్నాం. ఆమె చేయి నా చేతిలోనే ఉంది. ఎవరి గొంతుకోసం ఇంత పట్టుపట్టానో ఆ గొంతులోంచి ఇప్పుడు పెద్దగా ఊపిరి మాత్రమే వస్తోంది, అది కూడా నాకు ఒకవైపు నుంచే వినిపిస్తోంది. నొప్పి మళ్లీ రాలేదు. ఆమె భర్త వచ్చి మెల్లగా మెట్లు దింపుకుని తీసుకెళ్లాడు. ఆ పాట వదిలేద్దామని నేనే అన్నాను.

రెండు రోజులకు ఆమే ఫోన్ చేసింది. డాక్టరమ్మ చూసిందని, కూర్చుని కాసేపు పాడుకోవచ్చు, అలసిపోతే ఆపాలని చెప్పిందని. ఆ పొద్దున వచ్చేసరికే వీధి చివర మైకు కట్టేశారు. డప్పు కాసేపు మోగుతుంది, కాసేపు ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ అన్న చెయ్యెత్తేవాడు, ఆమె ఒక లైను పాడేది, ఒక్కోసారి సగం లైను. డప్పు మొదలవగానే ముగ్గురం ఊరుకునేవాళ్లం. నేను ఆమె ముఖమే చూస్తూ ఉన్నాను, నొప్పి వస్తే ముందే తెలుస్తుందని. చివరి లైను సగంలో ఉండగా కింద ఎవరో టపాకాయలు పేల్చారు. మళ్లీ పాడింది. అన్న ఒక్కసారి విని "సాలు" అన్నాడు. నిజంగా చాలా అని నేను రెండుసార్లు అడిగాను.

"సాలు చెల్లె. ఆమెను ఇంటికి పంపు."

మాత్రలతో నా చెవి పెద్దగా కోలుకోలేదు. తర్వాత కర్ణభేరిలోంచి సూది మందు ఇచ్చారు. ఆ సూదులకు ముందు రాత్రులు నిద్ర పట్టేది కాదు. దసరా నాటికి కొంత తిరిగొచ్చింది. కింది స్వరాలు, మనుషుల మాటలు వినిపిస్తాయి. తాళాల చప్పుడు, తీగ మీద గోరు గీసిన శబ్దం కుడివైపు లేవు. వాటి స్థానంలో సన్నని ఈల ఉంది, నిద్రలో కూడా ఉంటుంది. ఇక ఇంతేనని డాక్టరు గారు చెప్పారు.

ఆల్బమ్ మొత్తం అన్నే మిక్సింగ్ చేశాడు. ఆమెకు పాప పుట్టాక, పంజాగుట్టలో చిన్న హాలులో ఆ పాటలు వాయించాం. ఆ పొడుగు పాట ఆ రోజు ఆమె ఆగకుండా పాడింది, బాగుంది. కానీ జనం ఇంటికెళ్లి వినేది రికార్డులో ఉన్నదే. దాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో. ఏ ముక్క ఎక్కడ అతికించాడో పట్టుకోలేకపోయాను. అది చెవి వల్లనో, ఆయన పనితనం వల్లనో నాకు తెలియదు. ఆయన్ని అడగలేదు.

ఇప్పుడు కొత్తగా ఇద్దరు కుర్రాళ్ల పాటలు చేస్తున్నాం. నేను బాణీలు దిద్దుతాను, గిటార్ వాయిస్తాను, లోపల కూర్చుని పాడించుకుంటాను. బోర్డు అన్నది. నిన్న ఎడమవైపు ఫిడేలు మరీ గట్టిగా పెట్టావని ఆయనతో గొడవపడ్డాను. నువ్వు ఆ చెవితోనే వింటావు కాబట్టి నీకు గట్టిగా ఉంది, అందరికీ కాదు అన్నాడు. తర్వాత ఆయన మళ్లీ పాట పెట్టాడు, నేను ఎడమచెవి తిప్పి విన్నాను. ఆయన మాట మీద ఫిడేలు అక్కడే ఉంచాం.