కోడిగీతల్లోంచి వచ్చిన వదిన పుస్తకాలు

మా వదిన బెంగళూరు పక్కన ఆనేకల్‌లో ఉంటుంది. పుట్టిల్లు హిందూపురం వైపు కాబట్టి బడిలో తెలుగు చదువుకుంది. ఇప్పుడున్న వీధిలో చాలా ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు గానీ బడిలో నేర్చింది కన్నడం. తెలుగు అక్షరం చదవలేరు. అందుకే మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆడవాళ్ళు కొందరు మా వదిన వరండాలో చేరతారు. ఆమె నవల చదువుతుంది, వాళ్ళు వింటారు. ఇంటింటా మగ్గాలు ఆడిన రోజుల నుంచీ ఉన్న అలవాటు.

కొన్నేళ్ళ కిందట ఆమె చూపు మందగించింది. అచ్చు పుస్తకంలో అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయంది. ఇక చదువు ఆగిపోతుందనుకునేవేళ, తెలుగు ఈ-పుస్తకాలు అమ్మే చిన్న దుకాణం ఒకటి ఇంటర్నెట్‌లో కనబడింది. ఇద్దరు స్నేహితులు నడిపేవారు. ట్యాబ్లెట్‌లో అక్షరాన్ని వేలిగోరంత చేసుకుని వదిన మళ్ళీ గొంతు విప్పింది.

ఈమధ్య ఆ దుకాణం నుంచి మెయిల్ వచ్చింది. నెలాఖరుకు మూసేస్తున్నాం, కొన్న పుస్తకాలు ఈలోగా డౌన్‌లోడ్ చేసుకోండి, ఆ తర్వాత మా యాప్ తెరుచుకోదు అని. వదిన వెంటనే నాకు ఫోన్ చేసింది.

“ఏమప్పా, చీర అమ్మినోడు అంగడి మూస్తే నా బీరువాలో చీర మాయమైతాదా?”

“చీర ఇంకా వాళ్ళ అంగట్లోనే ఉంది వదినా. నువ్వు అక్కడే కట్టుకుని చూసుకుంటున్నావు, అంతే.”

“అట్లయితే సుమ్మనే చేతులు కట్టుకుని కూర్చోవద్దు. బేగ రా.”

నేనుండే కాడుగోడి నుంచి ఆనేకల్ దగ్గరేం కాదు. ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. వరండా అప్పటికే నిండింది. పుస్తకాలన్నీ దింపి, వాళ్ళు సగంలో ఆపిన నవలను యాప్ బయట తెరిచాను. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు. ఒక్క తెలుగు అక్షరం లేదు. మరో నాలుగు పుస్తకాలు తెరిచినా అంతే.

“ఇదేం మంత్రమక్కా?” అంది ఎదురింటావిడ.

“మీ మరిది ఏదో కెలికినాడు. పేపరోళ్ళకి ఒకరి తప్పు రాసేది తెలుసు గానీ, తమది దిద్దుకునేది యాడ తెలుసు!” అంది ఇంకొకావిడ. అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు.

“అయితే పోయినట్లేనా?” అని మెల్లగా అడిగింది.

నేను తెరకేసి ఇంకోసారి చూశాను. ఆ గీతలు నాకు కొత్త కావు. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ, మా తెలుగు ఫాంటు లేని కంప్యూటర్‌లో వార్త తెరిస్తే ఇలాగే కనబడేది. డెస్క్‌లో వాటిని కోడిగీతలనేవాళ్ళం. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరం లోపల ఇంగ్లీషు అక్షరంగానే దాగి ఉంటుంది. ప్రచురణకర్తలు ఎప్పుడో అచ్చుకోసం కంపోజ్ చేయించిన ఫైళ్ళనే దుకాణానికి ఇచ్చారన్నమాట. ఫాంటు యాప్‌లో ఉంది, పుస్తకంలో లేదు.

మా పత్రిక ఏ కంప్యూటర్‌లోనైనా కనబడే యూనికోడ్ తెలుగుకు మారినప్పుడు పాత వార్తలను మార్చడానికి వాడిన చిన్న ప్రోగ్రాం నా ల్యాప్‌టాప్‌లో ఇంకా ఉంది. నవలను అందులో వేశాను. కాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత కోడిగీతలు చెరిగి, పేజీ పేజీగా తెలుగు లేచి నిలబడింది. కొన్ని వత్తులు మాత్రం పక్క అక్షరం కిందికి పోయాయి.

“అవి నేను సర్దుకుంటాలే, పో,” అని వదిన ట్యాబ్లెట్ లాక్కుంది.

సాయంత్రానికి పుస్తకాలన్నీ మార్చాం. ఒక ప్రతి ట్యాబ్లెట్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి నా దగ్గర. జిగణిలో ఉద్యోగం చేసే ఎదురింటి అమ్మాయి కంప్యూటర్‌లో పెట్టడానికి ఇంకొకటి. అందరి దగ్గరా ఉంటే ఎక్కడికీ పోవని వదిన తీర్పు.

దుకాణం చెప్పిన రోజుకే మూతపడింది. ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. యాప్ తెరవబోతే తెల్లటి తెర వచ్చింది. వదిన దాన్ని పక్కకి నెట్టి తన పుస్తకం తెరిచింది. కథలో పెళ్ళిపీటల మీంచి లేచిపోయిన పిల్ల బస్టాండు చేరింది. అధ్యాయం ముగించి వదిన కాఫీ పెట్టడానికి లేవబోతే ఎదురింటావిడ చెయ్యి పట్టుకుంది.

“కాఫీ నేను పెడతానక్కా. నువ్వు ఆ పిల్లని బస్సెక్కించు.”