నేను తిట్టి ఇప్పించిన వేషం

నెల్లూరు జిల్లాలో నాకంటే తెలివితక్కువ బేరం చేసిన వర్తకుడు ఎవరైనా ఉంటే తీసుకురండి, పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ ఇప్పిస్తాను. చేతికి రావలసిన పెళ్లికూతుర్ని నా నోటితోనే సినిమావాళ్లకు ఒప్పజెప్పి వచ్చినవాణ్ణి నేను. మొన్న మా కోడలు ఫోనులో ఒక పాతకాలపు నటి ఇంటర్వ్యూ పెట్టింది. ఒంటరిగా ఉన్నారు, దిగులనిపించదా అని అడిగిన కుర్రాణ్ణి, నీకు పెళ్లయింది గదా, నీకు దిగుల్లేదా నాయనా అని ఆమె ఎదురడుగుతోంది. ఆ గొంతు మా మేనత్త కూతురిదని కోడలితో చెప్పడానికి నాకొక పూట పట్టింది.

వెంకటాచలంలో మాది చిల్లర అంగడి, మేనత్తది మూడిళ్ల అవతల. ఆ పిల్ల నాకేనని పుట్టినప్పుడే అనుకున్నారు గనుక నేనూ అడ్వాన్సు ఇచ్చిన సరుకులా నిశ్చింతగా ఉన్నాను. తాంబూలాల మాట వచ్చిననాడు ఆమె పెద్దల మధ్యకొచ్చి, "నన్నడక్కుండా మొగుణ్ణి కుదిర్చినారు గదా, మిమ్మల్నడక్కుండా నేను పని చూసుకున్నా" అంటూ వచ్చి కనబడమని మద్రాసు సినిమా కంపెనీ రాసిన ఉత్తరం చాప మీద పెట్టింది. అత్త ఏడుపు, మా నాయన కేకలు. అప్పుడు నా వ్యాపార తెలివి ఉపయోగించి ఆమెను పెరట్లోకి పిలిచి బేరం పెట్టాను: మద్రాసుకు నేనే తీసుకుపోతాను, వాళ్లు వద్దంటే మారుమాట్లాడకుండా నన్ను చేసుకోవాలి. ఆమె షరతు ఒక్కటే. వాళ్లు తీసుకుంటే ఆ సంగతి నేనే మా అత్తకు చెప్పాలి, తీసుకుపోయింది నేనేనని కూడా చెప్పాలి. నల్లటి పిల్ల, గరగర గొంతు, ఎవరు తీసుకుంటారులే అని ఒప్పుకున్నాను. ఆమె మనసు మార్చేశాననీ, నెల్లూరులో చీరలు చూపిస్తాననీ ఇంట్లో నమ్మించి మద్రాసు బండి ఎక్కించాను.

కొనదలచుకున్న సరుకును ముందుగా తీసిపారెయ్యడం మా అంగళ్లవాళ్ల అలవాటు. దర్శకుడు ఆమెను పరకాయించి చూస్తుంటే నేను ఆగలేక, రంగు తక్కువండీ, గొంతు మొరటు, నోరు విప్పిందంటే చేపల సంతలో ఆడవాళ్లే దారి ఇస్తారండీ అని ఏకరువు పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి, చేపలమ్మే మనిషి వేషానికి నెలరోజులుగా ఇలాంటి పిల్లకోసమే వెతుకుతున్నామన్నాడు. బయటికొచ్చాక ఆమె నవ్వి, "ఇంకొంచెం తిట్టుంటే హీరోయిన్ వేషమే ఇచ్చుందురు గదా బావా" అంది. ఆ వెంటనే నవ్వు ఆపి, "అమ్మకు చెప్తావు గదా?" అంది. తలూపాను.

ఒక్కణ్ణే ఎక్కిన తిరుగు బండిలో తడ స్టేషను దాటేసరికి సగం ధైర్యం పోయింది, ఇల్లు చేరేసరికి మిగతాదీ పోయింది. నెల్లూరు జనంలో నా కళ్లుగప్పి పోయిందని చెప్పాను. లేచిపోయిందన్న మాట ఊరే కలుపుకుంది. మొదటి సినిమా వచ్చాక ఆమె చీర, పళ్లు పట్టుకుని వస్తే, అత్త మొహం చూడకుండానే తలుపేసుకుంది. నేను అంగట్లో కందిపప్పు తూస్తున్నాను. ఆమె నావైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా బస్సెక్కింది.

నోరులేక కాదు. కృష్ణపట్నం ఇసుకలో షూటింగని జనంతోపాటు నేనూ చూడబోతే, గుంపులో నటించే ఆడవాళ్లు చీర మార్చుకోవడానికి నాలుగు తడికలు కట్టేదాకా కెమెరా ముందుకు రానని నిర్మాతకు ఎదురుగా కూర్చుంది. మధ్యాహ్నానికి తడికలు వచ్చాయి. అంతటి మనిషి నన్ను మాత్రం ఎవరికీ పట్టివ్వలేదు.

ఇప్పుడు మా వీధిలో తల్లులే ఫోను పట్టుకుని కూతుళ్ల డాన్సులు తీస్తున్నారు, సెలక్షన్లకు కార్లలో వెంటబెట్టుకుని పోతున్నారు. లేచిపోయిందన్న మాట ఎవరి నోటా రాదు. సంతోషమే. అత్త మాత్రం ఆ మాటే నమ్మి కన్నుమూసింది. పెళ్లి తప్పడం నాకు నష్టమని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను, ఆమె ఎప్పుడూ నాది కాదు. వేషం నా వల్లే వచ్చిందనీ చెప్పుకున్నాను, నేను కాకపోతే ఆమె ఒక్కతే వెళ్లి తెచ్చుకునేది. నిజంగా నా వల్ల ఆమెకు దక్కింది, తల్లి వేసుకున్న ఆ తలుపొక్కటే.