బాయి దొరసాని

మా అమ్మాయికి ఐదేళ్లు. కథ లేకుండా నిద్రపోదు. రాజుల కథలు, నక్కల కథలు అయిపోయాక, నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఇష్టంగా చదువుకున్న నార్వే, స్వీడన్ దేశాల దయ్యాల కథలు మొదలుపెట్టాను. అక్కడ చలికాలంలో చీకటే ఎక్కువట. అన్ని దయ్యాలు అందుకేనేమో.

చెప్పేముందు చాలా ఆలోచించాను. ప్రతిదానికీ ముందే భయపడటం నా అలవాటు. పాప ఒక్కసారి తుమ్మితే నా ఆలోచన ఆస్పత్రి దాకా వెళ్లిపోతుంది. కానీ తను భయపడలేదు. ఎండ తగిలితే రాయైపోయే ట్రోల్ అనే కొండరాక్షసుల కథ చెప్పిన వారంలోనే మెట్‌పల్లిలో మా తల్లిగారింటికి బస్సులో వెళ్లాం. దారిలో కనబడిన ప్రతి బండరాళ్ల గుట్టనూ చూపించి, "అమ్మా, గీయన పండుకున్నడు, గీమె కూసున్నది" అంటూ వచ్చింది. మన ఎండలకు వాళ్లు పొద్దున చాయ్ తాగే వేళకే రాయైపోతారని కూడా తేల్చేసింది. కొట్టంలో పశువులను కాచుకుంటూ ఉండే నిస్సె అనే పొట్టి ముసలాయన, జావలో వెన్న వేయకపోతే అలుగుతాడని చెబితే, అచ్చం నానమ్మే అంది. పక్కనే వింటున్న మా అత్తమ్మ, "వెన్న లేని జావ ఎవలు తాగుతరు, అలుగుడు కరెక్టే" అని ఆయన పక్షం వహించింది.

చిక్కు వచ్చింది గని దయ్యంతో.

స్వీడన్ గనుల్లో ఒక ఆడమనిషి ఉంటుందట. బూడిద రంగు బట్టలు, చేతిలో దీపం. భూమి లోపలి ఖనిజమంతా ఆమెదే. పనివాళ్లు మర్యాదగా ఉంటే, పైకప్పు కూలేముందు రాతిని తట్టి హెచ్చరిస్తుంది. లోపల ఎవరైనా ఈల వేస్తే మాత్రం ఆమెకు కోపం వస్తుంది. మా ఆయన బొగ్గు గనిలో, భూమి లోపలే పనిచేస్తాడు కాబట్టి ఈ కథ పాపకు నచ్చుతుందనుకున్నాను. నచ్చింది కూడా. మా కాలనీలో గనిని బాయి అంటారు కనుక ఆమెకు బాయి దొరసాని అని పేరు పెట్టి హాయిగా నిద్రపోయింది.

తెల్లవారి వాళ్ల బాపు ఫస్ట్ షిఫ్ట్‌కు వెళ్లాక పప్పుకు కుక్కర్ పెట్టాను. మొదటి ఈల రాగానే పాప పరుగెత్తుకొచ్చి నా కాళ్లు పట్టుకుంది.

"బంద్ చెయ్యమ్మా. బాపు కిందున్నడు. దొరసాని ఇంటది."

బాయి చాలా దూరమని, అక్కడికి వినపడదని చెప్పాను. మనం నేల మీదే ఉన్నాం కదా, బాపు ఆ నేల కిందే కదా అని ఏడ్చింది. లోపలి దారులు ఎటు పోతాయో నిజంగానే నాకు తెలియదు. స్టవ్ ఆర్పేశాను.

అప్పటినుంచి ఆయన డ్యూటీలో ఉన్నంతసేపూ వంట గిన్నెల్లోనే. నిజం చెప్పాలంటే నాకూ అది బాగానే ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచి, ఆయన గనిలోకి దిగాక గడియారం చూడటం తప్ప నేను చేయగలిగిన పని ఏదీ లేదు. ఈల రాకుండా చూసుకోవడం ఒక పనే. కానీ పాప అక్కడితో ఆగలేదు. పక్క క్వార్టర్‌లో కుక్కర్ మోగితే చెవులు మూసుకునేది. బాపు వచ్చేదాకా అన్నం ముట్టేది కాదు. చివరికి పొద్దున్నే ఆయన బూట్లు పట్టుకుని పోవద్దని ఏడవటం మొదలుపెట్టింది. ఆ ఏడుపు చెవుల్లో పెట్టుకుని దిగిన మనిషి లోపల పని మీద మనసు పెట్టగలడా అని నాకు కొత్త దిగులు పట్టుకుంది.

ఒకరోజు షిఫ్ట్ నుంచి వచ్చి భోంచేస్తూ, పప్పు ఎందుకు ఉడకలేదని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అత్తమ్మ అందుకుంది.

"నీ బిడ్డనడుగు. బాయిల దొరసానికి సీటీ నచ్చదట. నాకా పండ్లు లేవు, గీ పప్పు నేనెట్ల నమలాలె?"

ఆయన నవ్వేస్తాడని, పాప చిన్నబుచ్చుకుంటుందని అనుకున్నాను. నవ్వలేదు. కథ మొత్తం పాపతోనే చెప్పించుకున్నాడు. వింటున్నంతసేపూ చేయి పళ్లెంలోనే ఉండిపోయింది.

"మా దగ్గర గూడ లోపల ఎవ్వలు సీటీ కొట్టరు బిడ్డా," అన్నాడు.

"దొరసానికి కోపమొస్తదనా?"

"దొరసానిని నేనైతే సూడలే. మేం మైసమ్మకు మొక్కి దిగుతం. లోపలికి పోంగనే పైకప్పును రాడ్‌తోని కొట్టి ఇంటం. గట్టిగుంటే ఒక తీరు మోగుతది, బోలుగుంటే ఇంకో తీరు. గా సప్పుడు ఇనరావాలంటే అందరు గమ్మునుండాలె. ఇంట్ల కుక్కర్ మోగితే మాకేం ఫికర్ లేదు."

చేయి కడుక్కుని వచ్చి, చపాతీ కర్రతో ముందు గోడను, తర్వాత అల్మారా తలుపును కొట్టి వినిపించాడు. తేడా పాపకు వెంటనే తెలిసింది. ఆ సాయంత్రమంతా కర్ర పట్టుకుని ఇల్లంతా తిరిగింది. బియ్యం డబ్బా సగం బోలు. వాకిలి గట్టి. అత్తమ్మ వీపు కూడా తట్టి చూసి, "నానమ్మ మంచిగున్నది, కూలదు" అని చెప్పింది.

మర్నాడు పొద్దున పాప బూట్లు పట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి, కొట్టి చూశాకే లోపలికి పోవాలని ఆయనకు రెండుసార్లు చెప్పి, వచ్చి టిఫిన్ తింది.

ఆయన వెళ్లాక ఆలోచిస్తే, ఇన్నేళ్లలో లోపల ఎలా ఉంటుందని నేను ఒక్కసారీ అడగలేదని గుర్తొచ్చింది. తెలిస్తే భయం ఇంకా పెరుగుతుందనుకున్నాను. ఆ రోజు ఆయన వచ్చి చెవుల్లో బొగ్గు కడుక్కుంటుంటే, ఎండాకాలం లోపల ఎట్లుంటదని అడిగాను. ఆశ్చర్యంగా చూశాడు.

"గాలి వచ్చే తొవ్వల సల్లగుంటది. పని జాగల చెమటలే," అన్నాడు.

తర్వాత రోజూ ఒకటి అడుగుతున్నాను. ఎక్కడ కూర్చుని తింటారు, ఎవరు జోకులేస్తారు, ఎవరు అలుగుతారు. ఇప్పుడు ఆయన డ్యూటీలో ఉంటే నా కళ్ల ముందు ఉత్త చీకటి కాదు, టోపీ దీపాల వెలుతురులో గుండ్రంగా కూర్చున్న మనుషులు ఉంటారు.

ఇది రాస్తున్నప్పుడు ఆయన నైట్ షిఫ్ట్‌లో ఉన్నాడు. పాప నా పక్కనే నిద్రపోతోంది. లోపల ఈపాటికి అన్నం డబ్బాలు తెరిచే వేళయి ఉంటుంది. మామిడికాయ తొక్కు ఎవరు తెస్తారో, అది అందరికీ అందకముందే ఎవరు ఖాళీ చేస్తారో కూడా నాకు తెలుసు.