అడిలైడ్ నుంచి రావాల్సిన బ్యాటరీ

నేను ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సాయం చేసే పని చేస్తాను. స్నానం చేయించడం, వంటగది సర్దడం, మందులు వేసుకున్నారో లేదో చూడడం, ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకురావడం. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన మేముండే డార్విన్ దాటి హైవే మీద దక్షిణంగా పోతే మామిడి తోటలూ, పెద్దపెద్ద జాగాల్లో విసిరేసినట్టుండే ఇళ్ళూ వస్తాయి. నేను రోజూ తిరగాల్సిన ఇళ్ళ వరస, మా మాటల్లో నా రౌండు, అటువైపు. అక్కడ ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య బస్సు లేదు, నడిచే దూరమూ కాదు. అందుకే ఈ పనికి సొంత కారు ఉండాలి. అది నా పేరున రిజిస్టరై, ఇన్సూరెన్సుతో సహా ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్నదై ఉండాలి. అద్దె కారు, అడిగి తెచ్చుకున్న కారు కుదరవు.

ఆ రౌండంటే నాకు ప్రాణం. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన మనిషిని. మిగతా చదువంతా లైబ్రరీల్లోనే జరిగింది. పెళ్ళికి ముందు రాజోలు దగ్గర మా ఊరి శాఖా గ్రంథాలయంలో చేతికందిన పుస్తకమల్లా చదివాను. ఇక్కడికొచ్చాక ఇంగ్లీషు కూడా పుస్తకాల అలమరాల మధ్యే కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. భర్త వీసా మీద వచ్చినదాన్ని నేను. ఈ రౌండు మాత్రం నా అంతట నేను సంపాదించుకున్నది. రెండిళ్ళ మధ్య ఖాళీ దొరికితే ఆ దారిలోనే ఉన్న చిన్న లైబ్రరీలో కూర్చునేదాన్ని.

మా కారు హైబ్రిడ్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పెట్రోలు ఇంజను ఒకటి, దానికి తోడు ఒక మోటారు, ఆ మోటారు తిప్పడానికి వెనక సీటు వెనకాల పెద్ద బ్యాటరీ. జనవరిలో, అంటే ఇక్కడి వానాకాలం నడుమ, వాన తెరిపిచ్చిన ఒక గురువారం ఆ బ్యాటరీ పోయింది. అప్పుడు నా పక్క సీట్లో పెద్దాయన ఒకరున్నారు. ఒకప్పుడు ఓడరేవులో క్రేను నడిపిన మనిషి. ఎనభై దాటాయి, ఊపిరితిత్తులు బలహీనం. గురువారాలు ఆయన్ని ఊళ్ళో క్లినిక్‌కి తీసుకెళ్ళడం నా పని.

కారు కొన్నాళ్ళుగా సూచనలు ఇస్తూనే ఉంది. తెర మీద బ్యాటరీ గీతలు ఇప్పుడు నిండుగా కనిపించి, కాసేపట్లోనే అడుగంటిపోయేవి. వెనక నుంచి ఫ్యాను రొద. ఎండలకి అలా ఉందేమో అనుకున్నాం. ఆ రోజు హైవే మీద ఎర్ర త్రికోణం వెలిగింది. ఆక్సిలరేటర్ తొక్కినా కారు ఈడ్చుకుంటూ కదిలింది. వెంటనే ఏసీలోంచి వేడిగాలి రావడం మొదలైంది. రోడ్డు పక్కకి తీసి ఆపాను.

“ఏమైంది?” అన్నారాయన.

“హైబ్రిడ్ సిస్టమ్ చూపించుకోమంటోంది.”

“నన్నడిగి ఉంటే గుర్రాన్ని కొనుక్కోమనేవాణ్ణి.”

తలుపులన్నీ తీసిపెట్టాను. వాన ఆగిన తర్వాత ఇక్కడి ఎండ ఆవిరి పట్టినట్టుంటుంది. ఆయన నవ్వుతూనే ఉన్నారు గానీ పెదవులు పాలిపోతున్నాయి, ఊపిరి పైపైనే ఆడుతోంది. చున్నీ నీళ్ళతో తడిపి మెడ చుట్టూ వేశాను.

“నన్ను పెళ్ళికూతుర్ని చేస్తున్నావు,” అన్నారు.

ఆఫీసు వాళ్ళు పంపిన ఇంకో కారు వచ్చి ఆయన్ని ఎక్కించుకునేదాకా నేను ఆ ఊపిరినే వింటూ నిలబడ్డాను.

మా కారు లాగుడు బండి మీద వర్క్‌షాపు చేరింది. మెకానిక్ పరీక్ష చేసి రెండు దారులు చెప్పాడు. వేరే కార్లలోంచి తీసి బాగుచేసిన పాత బ్యాటరీ ఒకటి అతని దగ్గరే ఉంది, మర్నాడే బిగించేయగలడు. కొత్తదైతే అడిలైడ్ నుంచి లారీలో రావాలి. హైవే మధ్యలో వరద నీళ్ళ కింద ఉంది, లారీలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలన్నాడు.

సాయంత్రం మా కోఆర్డినేటర్ ఫోన్ చేసింది. మనిషి మంచిదే. “వచ్చే వారం చివరిదాకా నీ ఇళ్ళు అటూ ఇటూ సర్దుతాను, డియర్. ఆ తర్వాత రౌండు ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ముసలివాళ్ళని ఎదురుచూపుల్లో కూర్చోబెట్టలేను కదా.”

ఆసుపత్రి స్టోర్స్‌లో పనిచేసే మా ఆయనకి ఇందులో ఆలోచించడానికేమీ కనిపించలేదు. “ఇంకేం, పాతది పెట్టించెయ్. సోమవారానికల్లా రోడ్డెక్కుతావు.”

“ఉండండి. ముందు కాస్త చదవనివ్వండి.”

“కారు చెడితే గ్యారేజీకి వెళ్ళేవాళ్ళని చూశాను గానీ లైబ్రరీకి వెళ్ళేదాన్ని నిన్నే చూస్తున్నా.”

సోఫాలో ఫోన్ చూసుకుంటున్న మా అమ్మాయి తలెత్తకుండానే అంది: “డాడ్, లెట్ హర్. షీ విల్ రీడ్ టు ఇట్ అంటిల్ ఇట్ గెట్స్ బెటర్.”

వాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. నేను శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ హైబ్రిడ్ కార్ల మీద పుస్తకాలున్నాయి. ఒకటి మెకానిక్ విద్యార్థుల కోసం రాసింది, లావుగా, బొమ్మలతో. తెలియని మాట వచ్చిన చోటల్లా ఆగి, నిఘంటువు చూసుకుని, మళ్ళీ ముందుకెళ్ళడం నాకు అలవాటైన పద్ధతే.

మధ్యాహ్నానికి కొంత అర్థమైంది. మేం ఒక బ్యాటరీ అనుకుంటున్నది నిజానికి పలకల్లా పక్కపక్కన పేర్చిన చిన్నచిన్న బ్యాటరీల వరస. అన్నీ ఒకే బలంతో ఉండాలి. ఒకటి నీరసిస్తే దాని బరువు పక్కవాటి మీద పడుతుంది. బాగుచేసిన బ్యాటరీ అంటే ఆ వరసలో చచ్చినవి తీసి, ఇంకెక్కడో సగం జీవితం గడిపినవి పెట్టడం. చల్లటి ఊళ్ళలో అది చాలాకాలం నడవొచ్చు. వీటిని తినేసేది వేడి. ఇంకో సంగతి, మామూలు కార్లలోలా మా కారు ఏసీ ఇంజను బెల్టుతో తిరగదు, ఈ పెద్ద బ్యాటరీ కరెంటుతోనే తిరుగుతుంది. అందుకే రెండూ ఒకేసారి ఆగాయి.

ఆ తర్వాత పేజీలో ఇంకో మాట ఉంది. ఈ బ్యాటరీ కారు లోపలి చల్లగాలినే పీల్చుకుంటుందట, వెనక సీటు పక్కనున్న జాలీలోంచి.

ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. మా వెనక సీటు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కారు కొన్న రోజు పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్ళగానే, మేమిద్దరం కలిసి ఆ సీటు మీద మందపాటి దుప్పటి పరిచి, అంచులు సందుల్లోకి దోపాం. సీటు మాయకూడదు, రేపు అమ్మేటప్పుడు కొత్తదానిలా ఉండాలి. టీవీ రిమోట్‌కున్న ప్లాస్టిక్ కవరు ఊడదీయని వాళ్ళం, సీటుకి దుప్పటి వెయ్యమా? పైగా ఇండియన్ షాపు నుంచి తెచ్చే సోనా మసూరి బస్తా ఎప్పుడూ ఆ మూలకే ఆనించేవాళ్ళం.

అట్నుంచి అటే వర్క్‌షాపుకి వెళ్ళాను. దుప్పటి లాగి చూస్తే జాలీ కనిపించింది. దాని కన్నాల నిండా దూది పీచు, నేసినంత గట్టిగా పట్టేసి ఉంది. మెకానిక్ వచ్చి చూసి తల ఊపాడు. “ఇది రెండు రకాల కార్లలో చూస్తాను. మీ ఇండియన్ కుటుంబాల కార్లలో, కుక్కలున్నవాళ్ళ కార్లలో.”

ఇంటికొచ్చి చెప్పాను.

“అంటే దుప్పటా దాన్ని చంపింది?” అన్నారు మా ఆయన.

“వయసైపోయింది, ఈ ఊరి ఎండొకటి. దుప్పటి ముక్కు మూసింది.”

“ఆ దుప్పటి పంపింది మీ అమ్మ.”

“పరిచింది మీరు.”

“ఒక అంచు నువ్వు దోపావు,” అన్నారాయన, కేసు సగం గెలిచినట్టు.

ఆదివారం తెలుగు ఆరాధన మేం అద్దెకి తీసుకునే స్కూలు హాల్లో జరుగుతుంది. అయ్యాక అందరం అక్కడే భోజనాలు చేస్తాం. మా సంగతి అప్పటికే అందరికీ తెలిసింది. మా ఆయన స్నేహితుడు, ఇంజినీరు, నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను, ప్లేటు పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు.

“చెల్లెమ్మా, సింపుల్. ఆ పాత బ్యాటరీ వేయించెయ్. రెణ్ణెల్లు నడుపు, ఆ ఎర్ర లైట్ మళ్ళీ రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మెయ్. హైబ్రిడ్ అంటే ఇక్కడ ఎగరేసుకుపోతారు.”

“కొనేవాళ్ళకి బ్యాటరీ సంగతి ఏం చెప్పాలి అన్నయ్యగారూ?”

“అడిగితే కదా చెప్పడం.”

పప్పు వడ్డిస్తున్న వాళ్ళావిడ గరిటె ఆపింది. “వాక్యం విని గంట కూడా కాలేదు. కనీసం కారెక్కేదాకా ఆగండి.”

నవ్వులయ్యాక నేను జాలీ సంగతి చెప్పాను. “అక్కా, మాదీ హైబ్రిడ్డే, ఒకసారి చూడవా,” అని ఒకమ్మాయి లేచింది. ఆమె వెనక ఇంకొందరు. చెప్పులేసుకుని, ఎంగిలి చేతులతోనే పార్కింగులోకి నడిచాం. ఒక కారులో తువ్వాళ్ళు, ఇంకోదాంట్లో పిల్లలు వేఫర్లు రాలుస్తారని రబ్బరు షీటు. అన్నయ్యగారి కారులో పాత చీరలతో కుట్టిన బొంత, జాలీ ఆనవాలే లేకుండా.

“ఇది మా అత్తగారి బొంత. కేసు ఆవిడ మీద పెట్టండి,” అంటూ ఆయనే లాగి డిక్కీలో పడేశారు.

సరదా సరదాగానే గడిచింది. కానీ ఇంటికొచ్చేసరికి నా ప్రశ్న నా ముందు అలాగే ఉంది. పాతది పెట్టిస్తే నా రౌండు నాకుంటుంది. అది ఎన్నాళ్ళుంటుందో మాత్రం మెకానిక్కూ చెప్పలేడు, పుస్తకమూ చెప్పలేదు. ఈ ఎండల్లో ఎప్పుడో ఒకప్పుడు హైవే మీద ఆగితే ఏసీ కూడా దాంతోనే ఆగుతుంది. పక్క సీట్లో ఆ ఊపిరి ఉంటుంది.

“అలా అనుకుంటూ కూర్చుంటే మనం ఏ కారూ ఎక్కలేం,” అన్నారు మా ఆయన. ఆ మాటా నిజమే. ఏ కారైనా ఆగిపోవచ్చు. అయితే ఇది ఆగే అవకాశం ఎందుకు ఎక్కువో నేను చదివాను. చదివినదాన్ని చదవనట్టు ఎలా నడపను?

సోమవారం పొద్దున మెకానిక్‌కి ఫోన్ చేసి కొత్తది తెప్పించమన్నాను. ఫోన్ పెట్టేసరికి మా ఆయన డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“నీ రౌండు పోతుంది కదే,” అన్నారు.

“తెలుసు.”

ఆయన లంచ్ బాక్సు మర్చిపోయి వెళ్ళి, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళారు.

ఆ వారమంతా వాన. రోజూ రేడియోలో రోడ్ల సంగతి వినేదాన్ని. మా బ్యాటరీ ఉన్న లారీ దారి మధ్యలో టెనంట్ క్రీక్ అనే ఊరి దగ్గర ఆగి ఉందని మెకానిక్ చెప్పాడు. పొయ్యి మీద చారు మరుగుతుండగా, బీన్స్ తరుగుతుండగా, ఆ లారీ డ్రైవరు ఏం తింటున్నాడో అని ఆలోచించాను. వారం చివర కోఆర్డినేటర్ ఫోన్ చేసింది. తను సంజాయిషీ మొదలుపెట్టేలోపే నేను సరేనన్నాను. రౌండు ఒక నేపాలీ అమ్మాయికి ఇచ్చారట. కారొచ్చాక నాకు ఊళ్ళోనే, దగ్గర దగ్గర ఇళ్ళుండే రౌండు ఇస్తారట. ఫోన్ పెట్టేసి మిగిలిన బీన్స్ తరిగాను. ముక్కలు పెద్దవైపోయాయి.

మర్నాడు పెద్దాయన ఫోన్. నంబరు ఎవరిచ్చారో అడగలేదు.

“ఎక్కడున్నావు?”

“బ్యాటరీ కోసం చూస్తున్నాను.”

“కొత్తమ్మాయి టీలో పాలు ముందు పోస్తోంది.”

“చెప్పలేదా మీరు?”

“నువ్వొచ్చి చెప్పు,” అని పెట్టేశారు.

నీళ్ళు తగ్గి, లారీలు కదిలి, చివరికి మా బ్యాటరీ వచ్చింది. బిగించేటప్పుడు చూస్తానంటే మెకానిక్ సరేనని, నేల మీది పసుపు గీత దాటొద్దన్నాడు. దాటను, ఎందుకు దాటకూడదో నాకు తెలుసు. అతను ముందు బ్యాటరీ కరెంటుని తెంచే రక్షణ ప్లగ్గు లాగి జేబులో వేసుకున్నాడు. లోపల నిలిచిన కరెంటు దిగిపోయేదాకా చేతులు కట్టుకుని ఆగాడు. మీటరుతో చూసి, మోచేతులదాకా వచ్చే రబ్బరు తొడుగులతో అప్పుడు ప్రాణం తీసేంత వోల్టేజీ పారే నారింజరంగు తీగల మీద చెయ్యి వేశాడు. పుస్తకంలో బొమ్మలుగా చూసినదంతా కళ్ళ ముందు జరుగుతుంటే పరీక్ష పాసైనట్టనిపించింది. పాత బ్యాటరీ మూత తీసి చూపించాడు. చివర్లవి పరవాలేదు. మధ్యలోవి ఉబ్బాయి, వాటి రాగి పట్టీలు పచ్చగా చిలుం పట్టాయి. గాలి అందక ఎక్కువ ఉడికింది అవే.

నేపాలీ అమ్మాయి అప్పటికే పాత రౌండు తిరుగుతున్నా అక్కడి కిటుకులు ఆమెకి ఎవరూ చెప్పలేదు, అవి అప్పగించడానికి ఒక రోజు ఆమెని వెంట తీసుకెళ్ళమని కోఆర్డినేటర్ అడిగింది. ఆ గురువారం నా కారులోనే ఇద్దరం బయల్దేరాం. ఏ గేటు ఎత్తి తియ్యాలో, ఏ కుక్క అరుపుకి భయపడక్కర్లేదో, ఏ అమ్మగారికి మందులు పెరుగులో కలిపి ఇవ్వాలో దారి పొడుగునా చెబుతూ పోయాను. ఆమె శ్రద్ధగా వింది. మధ్యలో ఒకసారి, “మీకు ఇష్టం లేదు కదా ఇది వదులుకోవడం,” అంది. లేదన్నాను.

ఆఖరి ఇల్లు పెద్దాయనది. ముందు టీ పెట్టి చూపించాను, పాలు తర్వాత. ఆయన ముందు సీట్లో కూర్చున్నారు, ఆ అమ్మాయి వెనక.

హైవే ఎక్కాక ఆయన అన్నారు: “కొంచెం తగ్గిస్తావా? గడ్డకట్టుకుపోతున్నాను.”

ఏసీ తగ్గించాను.

క్లినిక్ ముందు ఆపాక ఆ అమ్మాయికి చెప్పాను: “తలుపు తీసి చెయ్యి అందించు, లాగకు. ఆయనే లేస్తారు. ఎడమ మోకాలు ముందు కింద ఆననివ్వాలి.” ఆయన వినీవిననట్టు కూర్చున్నారు. ఆమె చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీసి నిలబడింది. ఆయన కాసేపు నా వైపు చూశారు. తర్వాత చెయ్యి ఆమెకిచ్చి, మోకాలు ఆనించి, మెల్లగా లేచారు.

వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళేదాకా నేను స్టీరింగ్ దగ్గరే కూర్చున్నాను. ఇంజను ఎప్పుడాగిందో గమనించలేదు. కొత్త బ్యాటరీ మీదే చల్లగాలి వస్తూనే ఉంది.