అందరూ పిలిచే పేరు

ఆ రోజుల్లో అనగానే మీరు లాంతర్లూ ఎడ్లబండ్లూ ఊహించుకోకండి. నేను చెప్పే ఆ రోజులకూ ఈ రోజులకూ మధ్య నేను మార్చినవి రెండు ఫోన్లు, అంతే. అయినా ఆ రోజులనే అంటాను. అప్పటి నేను వేరే ఎవరో అనుకుంటే నాకు కొంచెం సుఖంగా ఉంటుంది. అప్పట్లో నాకున్న ఆస్తి నోరొక్కటే. తొమ్మిదో తరగతిలో బడి మానేసి (లెక్కల సారే నన్ను మానేశారన్నా తప్పులేదు) సిరిసిల్లలో మా నాయన నడిపే మరమగ్గాల మధ్య పెరిగాను. ఆ చప్పుడులో మాట వినపడాలంటే అరవాలి, ఎదుటివాడు ఇంకాసేపు వినాలంటే నవ్వించాలి. ఆ రెండూ వచ్చేశాయి. మూడోది ఏదీ రాలేదు.

మగ్గాల పని తగ్గాక ఊరి చివర చొక్కాలు కుట్టే యూనిట్‌లో చేరాను. అరవై మంది ఆడవాళ్లు వరుసల్లో కూర్చుని ఒకరు కాలరు, ఒకరు జేబు, ఒకరు చేతులు కుడుతుంటారు. ఒక వరుసలో కుట్టిన కట్టలు ఇంకో వరుసకు మోయడం నా ఉద్యోగం. ప్రతి మిషను దగ్గరా ఆగుతాను కాబట్టి అందరి సంగతులూ నాకు తెలుసు. తెలిసి ఊరుకోకుండా అందరికీ పేర్లు పెట్టాను. గొంతు రెండు వీధుల దాకా వినపడే సూపర్‌వైజరక్క సైరన్. దారం తెగిన ప్రతిసారీ మిషను వంశాన్నంతా తిట్టే ఆమె శాపాల కంపెనీ. ఇక బట్ట కత్తిరించే టేబుల్ దగ్గరుండే మా అందరికంటే పెద్దాయన, మేమంతా బాబాయి వరసలో 'కాకా' అని పిలిచే మనిషి, మూతల ఇన్‌స్పెక్టర్.

ఆ పేరెందుకంటే, మధ్యాహ్నం భోజనాల వేళ కాక తన డబ్బా పట్టుకుని వరుస మొదట్నుంచి బయల్దేరేవాడు. ప్రతివాళ్ల దగ్గరా ఆగి, మూత తీసి తొంగిచూసి, "ఏం కూర బిడ్డా? ఉప్పెక్కువేసినవ్, ఇంట్ల కొట్లాటయ్యిందా?" అని తీర్పు చెప్పి, ఒక చెంచా తన అన్నం మీద వేసుకుని ముందుకు సాగేవాడు. వరుస చివరికొచ్చేసరికి ఆయన డబ్బాలో తొమ్మిది ఇళ్ల కూరలుండేవి. భార్య పోయాక ఆయనకు అన్నం వండుకోవడం వచ్చింది గాని కూర రాలేదు. ఇది నాకు తెలుసు. తెలిసే పెట్టాను.

అలాంటి సమయంలో ఓనరు మేనల్లుడు జగిత్యాల నుంచి ల్యాప్‌టాప్ సంచితో దిగాడు. హైదరాబాదులో చదివొచ్చిన మనిషి. మా యూనిట్‌లో కొత్తగా చేరినవాళ్లు నెల తిరక్కుండానే మానేస్తున్నారని ఆయన దిగులు. "కొత్తోళ్లకు ఎవ్వలు తెల్వక పరేషాన్ అయితున్నరన్నా. ఒక యాప్ చేద్దాం. అందరి ఫొటోలు, ఏ పనిల హుషారు, ఏం మాట్లాడితే ఖుషీ అయితరు, అన్నీ అండ్ల ఉండాలె. డిజైన్ నాది, మాటలు నీయి" అన్నాడు. తొమ్మిదో తరగతి వదిలేసిన నన్ను ఒక ఇంజినీరు మాటలు అడిగాడు! ఇంటికి పోయి మా అమ్మతో, "నేనిప్పుడు డిజైన్‌ల ఉన్న" అన్నాను. "అంగీలకా, లుంగీలకా?" అని అడిగింది.

నాకు టైపు చేయడం రాదు. ల్యాప్‌టాప్ సారు నా ఫోన్‌లో మైకు బొమ్మ చూపించి, అది నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుందన్నాడు. నేను కట్టల గదిలో కూర్చుని ఫోను నోటి దగ్గర పెట్టుకుని రాజులా చెబుతూ పోయాను. సారు పెట్టిన గళ్లలో ఒకదాని పేరు 'అందరూ పిలిచే పేరు'. పాపం ఆయన ఉద్దేశం రికార్డుల్లో ఉన్న పేరు ఒకటీ, పిలుపు ఒకటీ ఉంటాయి కదా అని. నా ఉద్దేశం మీకు తెలిసిందే. చెబుతూ నవ్వుకున్నాను, నవ్వుకుంటూ ఇంకా చెప్పాను, తర్వాత తుడిచేద్దాం అనుకున్నాను. (తర్వాత తుడిచేద్దాం అనుకున్నవన్నీ నిజంగా తుడిచి ఉంటే ఈపాటికి నేను చాలా మంచివాణ్ణి.) సారు అవి చదివి, "భలే ఉన్నయన్నా" అని అలాగే ఎక్కించేశాడు.

ఆ యాప్ మొదట చేతికొచ్చింది బుగ్గారం నుంచి వచ్చిన అమ్మాయికి. ఇరవై దాటి ఉంటాయి. సిరిసిల్లలో వాళ్లక్క ఇంట్లో ఉంటూ చేరింది. చేరిన రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె మాట్లాడింది రెండు మాటలు, ఆ రెండూ "సరే"లే. ఆ రాత్రి ఇంటికి పోయి యాప్ మొత్తం పాఠంలా చదువుకుందట. రెండో రోజు భోజనాలప్పుడు కాక ఆమె దగ్గర ఆగాడు. ఆ పిల్ల మర్యాదగా లేచి నిలబడి, రెండు చేతులూ జోడించింది.

"నమస్తే, మూతల ఇన్‌స్పెక్టర్ గారూ."

శాపాల కంపెనీకి మజ్జిగ ముక్కులోకి పోయింది. మిగతా వాళ్లందరూ డబ్బాల్లోకి చూశారు. కాక మాత్రం మామూలుగానే, "ఎవలు జెప్పిన్రు బిడ్డా గా పేరు?" అని అడిగాడు. ఆ పిల్ల సంతోషంగా ఫోను తీసి చూపించింది. కాక జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, తన ఫొటో కింద ఉన్నదాన్ని ఒక్కొక్క అక్షరం చదివాడు. ఫోను వెనక్కిచ్చాడు. ఆమె డబ్బా మూత తీయకుండానే తన టేబుల్ దగ్గరికి నడిచిపోయి, మాకు వీపు పెట్టి ఉత్త అన్నం తిన్నాడు.

అప్పుడు అందరూ ఆ పిల్ల మీద పడ్డారు. "అచ్చి రెండ్రోజులు గాలే, పెద్దమనిషిని గట్లంటరా?" అని సైరన్ మోగింది. "ఫోన్‌ల ఉన్నదక్కా" అంటే, "ఫోన్‌ల ఉంటే అంటవా? సోయుండద్దా?" అని ఇంకొకరు. ఆ పిల్ల అందరినీ దాటి నావైపు చూసింది. ఎందుకంటే యాప్‌లో నా ఫొటో కింద నేనే చెప్పుకున్నాను: 'ఏ కష్టమొచ్చినా ముందు ఈ అన్నను అడగండి.' నేనేం చేశానో చెప్పడానికి ఇన్నేళ్లకు కూడా నోరు రావడం లేదు, అయినా చెబుతాను. "బుగ్గారం నీళ్లే గసొంటియక్కా" అన్నాను. అందరూ నవ్వారు. బాగా నవ్వారు.

మర్నాడు భోజనాల వేళ కాక తన టేబుల్ దగ్గర్నుంచి లేవలేదు. ఎవరి మూతలు వాళ్లే తీసుకుని ఎవరి కూర వాళ్లే తిన్నారు. కొత్తవాళ్లు చేరినప్పుడు వాళ్ల పక్కన మొదట ఆగి ఊరూ పేరూ అడిగేది ఎప్పుడూ కాకేనని, ఆయన అడిగాకే మిగతావాళ్లు అడిగేవాళ్లని నాకు అప్పుడు తట్టింది. ఆ పిల్ల మెట్ల మీద ఒక్కతే కూర్చుని తిన్నది. నాలుగో రోజు రాలేదు. "గా బుగ్గారం పిల్ల ఇగ రాదట. ఇయ్యాల సాయంత్రం బస్సుకే పోతున్నదట, వాళ్లక్క ఫోన్ జేసింది" అన్నది సైరనక్క.

నేను కట్ట కింద పెట్టి కాక దగ్గరికి పోయాను.

"కాకా, గా పేరు ఆ పిల్ల పెట్టింది గాదు."

"ఎరుకే."

"నేనే పెట్టిన."

"గదీ ఎరుకే. రెండేండ్ల సంది ఎరుక" అన్నాడు కత్తెర ఆపకుండా. "నవ్వుకుంటే నవ్వుకోనీ, నవ్వుకుంటనే కూర పెడ్తున్నరు గదా అనుకున్న. గని రాసి నా ఫొటో కింద పెడ్తవనుకోలే. కోరుట్లల ఉన్న నా బిడ్డ జూస్తే? నాకు కూర వండుడచ్చిందని చెప్పిన ఆమెకు."

నేను నేలవైపు చూస్తుంటే, "గా పిల్ల ఎందుకు వస్తలేదు?" అని అడిగాడు. చెప్పాను. నీళ్ల జోకుతో సహా చెప్పాను. అప్పుడాగింది కత్తెర.

"ఆమెను తిడ్తుంటే నువ్వేడున్నవ్?"

"ఆడనే ఉన్న."

"నోరు?"

"గదీ ఆడనే ఉండె కాకా."

ఆయన మోపెడ్ తాళం తీసుకుని, "నడువ్" అన్నాడు.

వాళ్లక్క ఇంట్లో గుమ్మం పక్కనే సర్దిన సంచి ఉంది. ఆ పిల్ల కాకను చూసి భయంగా నిలబడింది. ఎక్కడికి పోయినా నవ్వించి బయటపడే నేను అక్కడ ఒక్క జోకు కూడా దొరక్క, ఉన్నదున్నట్టు చెప్పాను: పేరు నాది, రాసింది నేను, ఆ తప్పు ఆమె మీదికి నెట్టిన జోకూ నాదే. చెప్పింది నాలుగు ముక్కలే. మూటలు మోసిన ఒళ్లు, అయినా అంత అలసట ఎన్నడూ లేదు. కాక, "రేపు రా బిడ్డా. నీ డబ్బాల ఏమున్నదో నేనింకా జూడనే లేదు" అన్నాడు.  ఆమె నన్ను నేరుగా చూసి అడిగింది.

"మరి నాకేం పేరు పెట్టినవన్నా?"

కాక కూడా నావైపు తిరిగాడు.

"నీకేం పెట్టలేదమ్మా" అన్నాను.

ఆమె మర్నాడు వచ్చింది. కాక ఆమె దగ్గర ఆగాడు, తర్వాత మెల్లగా అందరి దగ్గరా ఆగాడు. నా డబ్బా దగ్గరికి రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది, వచ్చినా ఉప్పు గురించి ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్ సారు, "గదే మంచిగుండె గదన్నా" అని బాధపడుతూనే ఆ గడి తీసేశాడు. ఇప్పుడు ఆ బుగ్గారం అమ్మాయి ఒక వరుసకు సూపర్‌వైజరు. కొత్తవాళ్లను ఆమే వెంటబెట్టుకుని తిప్పుతుంది. నా దగ్గరికి తీసుకొచ్చినప్పుడు, "ఈ అన్న మంచోడే, గని ముందుగాల మీ పేరు మీరే జెప్పండి" అంటుంది.

నేను నవ్వి ఊరుకుంటాను. ఆ రోజు వాళ్లక్క ఇంట్లో నేను చెప్పింది అబద్ధం. ఆమె చేరిన రోజే, రెండో "సరే" అనేలోపే, పేరు పెట్టేశాను. ఎవరికైనా చెప్పేలోపే ఇదంతా జరిగింది. కట్టలు మోస్తూ ఆమె వరుస దాటినప్పుడల్లా అది నాలుక చివరికి వస్తుంది. అప్పటి ఆ కుర్రవాడి మీద ఎంత సిగ్గుపడ్డా, పేర్లు పెట్టడంలో వాడి పనితనం మాత్రం ఒప్పుకోవాలి. అంత చక్కగా అతికిన పేరు నాకు మళ్లీ తట్టలేదు. చెబితే మీరూ నవ్వుతారు. అందుకే చెప్పను.