అప్పాజీ నాలుక మీది తాంబూలం

మా అప్పాజీ అన్నయ్యకి తన ఉయ్యాల గుర్తుంది. దూలానికి కట్టిన పాత చీరలోంచి చూస్తే వెలుతురు పసుపు గళ్లుగా కనిపించేదని, ఊగినప్పుడల్లా ఆ గళ్లు ఒకదాంట్లోకి ఒకటి దూరేవని చెబుతాడు. ఒంటికి రుద్దిన సున్నిపిండి గరుకు గుర్తుంది. సాంబ్రాణి పొగకి కళ్లు మండడం గుర్తుంది. వినేవాళ్లు నవ్వుతారు. "ఏడాది పిల్లాడికి ఏం గుర్తుంటుందండీ! ఎవరో చెప్పింది విని తనే చూశాననుకుంటున్నాడు" అని కొట్టిపారేస్తారు. పోయిన వారం ఏం కూర తిన్నారో చెప్పలేని పెద్దమనుషులు ఈ మాట అంటుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

ఒకసారి అన్నయ్యని ఇరికిద్దామని నేనే, "నీ మొదటి పుట్టినరోజుకి మా అమ్మ తెచ్చిన వెండిగిన్నె గుర్తుందా?" అని లేని గిన్నె గురించి అడిగాను.

"పిన్ని ఏం తేలేదు. లడ్డూలు పట్టుకెళ్లింది" అన్నాడు.

పక్కనే ఉన్న మా అమ్మ మొహం చూడాలి! రెండు రోజులు నాకు కాఫీ దొరకలేదు.

అన్నయ్య మా పెద్దమ్మ దేవకుమారి కొడుకు. ఆత్రేయపురంలో మా వీధిలోనే పూతరేకులు చేసే ఇల్లు వాళ్లది. బోర్లించిన వేడి కుండ మీద పెద్దమ్మ పిండిలో ముంచిన గుడ్డ లాగుతుంది, రేకు లేస్తుంది. ఆరిన రేకుల్ని అన్నయ్య చిరగకుండా పేరుస్తాడు. నెయ్యి రాసే పని చెబితే మాత్రం వీధిలోకి పారిపోతాడు. తడి, జిడ్డు, ఇంకొకరి చెమట తగిలితే ఆయనకి కడుపులో తిప్పుతుంది.

ఎందుకు తిప్పదు? చిన్నప్పుడు ఆయనకి పెట్టిన మందు అలాంటిది.

మూడేళ్లొచ్చినా అన్నయ్య నోరు విప్పలేదట. ఊళ్లో బాగా మాట్లాడేవాళ్లు నమిలిన తాంబూలం పిల్లాడి నాలుక మీద పెడితే మాటలొస్తాయని మా వాళ్ల నమ్మకం. నమిలింది, ఉమ్మింది, ఎర్రగా కారుతున్నది! ఈ లెక్కన మేక నెమరేసిన ఆకు పెడితే పిల్లాడు అరవాలి కాబోలు. మా వీధిలో వాగుడికి సత్యకుమారి మామ్మగారిని మించినవాళ్లు లేరు. ఆవిడ ఊపిరి పీల్చుకునే సందులో మనం ఒక ముక్క అంటే అదే గొప్ప. అందుకని ఆ పని ఆవిడకే అప్పగించారు. ప్రతి శుక్రవారం ఆవిడ రావడం, నమలడం, అన్నయ్య నోట్లో కుక్కడం.

ఒక శుక్రవారం అన్నయ్య మొట్టమొదటి మాట మాట్లాడాడు. ఆ మాట "ఛీ."

"మాటొచ్చింది! మాటొచ్చింది!" అని ఇల్లంతా గంతులేశారట. వచ్చిన మాట ఏమిటో ఒక్కరూ ఆలోచించలేదు. ఆ సంతోషంలో ఇంకో ముద్ద కుక్కారు.

"నా లోపల అప్పటికే చాలా మాటలున్నాయి. నోట్లో చోటే లేదు" అని అన్నయ్య నాతో ఒకసారి అన్నాడు.

ఆ కథ అక్కడితో అయిపోతే బాగుండేది. 2004 వేసవిలో అన్నయ్య చెల్లెలు సుప్రియ మూడేళ్ల కొడుకుని తీసుకుని పుట్టింటికి వచ్చింది. వాడు కిరణ్. వాడికీ మాట రాలేదు. రాజమండ్రిలో పిల్లల డాక్టరు ఆటిజం అన్నారు. మాట నేర్పడానికి ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో కూడా చెప్పారు. వాళ్లతోపాటు వచ్చిన సుప్రియ మామగారు జగన్నాథరావు గారు అదేదో టానిక్ పేరన్నట్టు విని పక్కన పెట్టేశారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు.

"డాక్టర్లు అలాగే అంటారు చెల్లెమ్మా. మీ అప్పాజీకి తాంబూలంతోనే కదా మాటొచ్చింది? కళ్లముందు సాక్ష్యం పెట్టుకుని ఊళ్లు తిరగడం ఎందుకు?" అన్నారు పెద్దమ్మతో.

సుప్రియ నోరు తెరిచింది గానీ, "నువ్వాగమ్మా" అన్నారు ఆయన.

శుక్రవారం పొద్దున్నే మామ్మగారు తయారు. వక్క, సున్నం, పొగాకు కాడ అన్నీ దట్టించి నములుతూనే, "మీ అప్పాజీకి మాటిచ్చింది నేనే కదటే! ఇప్పుడు మేనల్లుడి వంతొచ్చింది. పట్టుకోండి వాణ్ణి, తల తిప్పకుండా పట్టుకోండి" అంటున్నారు. ఎర్రటి చొంగ గడ్డం మీదికి జారుతోంది. ఆవిడంటే నాకు ఇష్టమే. జ్వరమొస్తే ఊరందరికీ చారు కాచిపెట్టే మనిషి. కానీ ఆ గడ్డం చూశాక, ఆ చారు మళ్లీ తాగగలనా అనిపించింది.

కిరణ్ తల్లి కొంగులోకి దూరాడు. జగన్నాథరావు గారు వాడి చెయ్యి పట్టి లాగారు. మామ్మగారు నోట్లోంచి ముద్ద అరచేతిలోకి ఉమ్ముకుని వంగారు.

రేకులు పేరుస్తున్న అన్నయ్య లేచి వచ్చాడు. ఆవిడ అరచేతిలో ముద్దని తన చేతిలోకి తీసుకున్నాడు. తడంటే పారిపోయే మనిషి! వేళ్ల సందుల్లోంచి ఎర్రగా కారుతుంటే దాన్ని జగన్నాథరావు గారి మూతి ముందు పెట్టాడు.

"మీరు తినండి మావయ్యగారు."

"ఛీ ఛీ! ఏంటయ్యా ఇది! తియ్యి!" ఆయన వెనక్కి గెంతారు, కుర్చీ పడిపోయింది. "నాకెందుకయ్యా? నాకు మాటలొచ్చుగా!"

"వాడికి మాట రాకపోయినా రుచి తెలుస్తుంది" అన్నాడు అన్నయ్య.

నాకు నవ్వొచ్చింది. ఇంకెవరికీ రాలేదు.

"ఒరే అప్పాజీ," అన్నారు మామ్మగారు. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "అంత చేదుగా ఉండేదిట్రా?"

"చేదు కాదు మామ్మగారు. వెచ్చగా ఉండేది. ఇంకొకళ్ల నోటి వెచ్చదనం. పొగాకు, పిప్పి పన్ను వాసన. మింగితే కడుపులోకి పోతుంది, ఉమ్మితే మళ్లీ పెడతారు. అందుకని అక్కడే ఉంచుకునేవాణ్ణి."

మామ్మగారు పమిటతో గడ్డం తుడుచుకున్నారు. దొడ్లోకి వెళ్లి పుక్కిలించడం మొదలుపెట్టారు.

జగన్నాథరావు గారు కిరణ్ చెయ్యి వదలకుండానే రెండో చేత్తో కుర్చీ లేపుకుని, "పిచ్చివాగుడు! మూడేళ్లప్పటివి ఎవరికి గుర్తుంటాయి?" అన్నారు.

అన్నయ్య ఆయన వంక చూడలేదు. పెద్దమ్మనే చూశాడు. "నువ్వు ఒళ్లో పడుకోబెట్టుకునేదానివి. నా రెండు చేతులూ నీ ఒక్క చేత్తో పట్టుకునేదానివి. ఆకుపచ్చ గాజులు. ఒకటి పగిలి నాకు ఇక్కడ, మణికట్టు మీద గీసుకుంది. నువ్వు ఏడ్చావు. కానీ వదల్లేదు."

పెద్దమ్మ పిండి గుడ్డ కింద పడేసింది. కుండ మీద సగం లేచిన రేకు మాడి కంపు కొడుతోంది. లేచి వచ్చి, కొడుకు చేతిలోని ముద్దని తన చేత్తో తీసి పెంటలోకి విసిరింది. అన్నయ్య చేతుల మీద చెంబులతో నీళ్లు పోసింది. ఆయన రుద్దుకుంటూనే ఉన్నాడు, ఆవిడ పోస్తూనే ఉంది. తుడవబోయి ఆగి, తువ్వాలు ఆయనకే అందించింది.

తర్వాత జగన్నాథరావు గారి దగ్గరికి వెళ్లి నిలబడింది.

"వాడి చెయ్యి వదిలెయ్యండి అన్నయ్యగారు."

"అది కాదు చెల్లెమ్మా, పిల్లాడి మంచికే..."

"నేనూ మంచికే పట్టుకున్నానండి. వదిలెయ్యండి."

ఆయన వదిలేశారు. పెద్దమ్మ కూతురి వైపు తిరిగి, "సుప్రియా, ఆ డాక్టరు చెప్పినచోటికి వెళ్లే బస్సు ఎన్నింటికే?" అని అడిగింది.