ఉప్పు, బొగ్గు, ఒక గొయ్యి

ఆ రోజుల్లో లోకంలోని ప్రతి బాధకీ ఒక అంకె ఉంటుందని నా గట్టి నమ్మకం. (జ్వరానికి ఉంది కదా, మిగతావాటికి ఎందుకుండదు?) లెక్కలు నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ సొంతంగా పట్టుబడ్డవే. ఆ ధైర్యంతోనే పద్మారావు నగర్‌లో ఒక మేడమీద గది అద్దెకు తీసుకుని, ఒక కంప్యూటరూ, కరెంటు పోతే దాన్ని కాసేపు బతికించే యూపీఎస్సూ కొనుక్కుని, దుకాణాలవాళ్ల పద్దులు రాయడం మొదలుపెట్టాను.

యూపీఎస్ మాత్రం కరెంటు ఉన్నా లేనట్టే ప్రవర్తించేది. నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరుగుతుంటే, ఇది టక్కుమని బ్యాటరీ మీదికి వెళ్లి, కుయ్ కుయ్‌మని ఏడ్చి, కంప్యూటర్ని ఆర్పేసేది. లోడు ఎక్కువైందేమోనని వాట్లన్నీ కూడి చూశాను, సరిపోయాయి. బ్యాటరీ ముసలిదైందేమోనని కొత్తది వేశాను. అదీ అదే రాగం అందుకుంది. పైగా కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. చివరికి పరువు పక్కనపెట్టి మెకానిక్‌ని పిలిచాను. అతను మీటరు పుల్లలు ప్లగ్గులో గుచ్చి చూసి, "యూపీఎస్‌ను ఎందుకు పరేషాన్ చేస్తున్నరు సార్? దానికేం బీమారి లేదు. మీ ఇంటికే ఎర్త్ లేదు," అన్నాడు.

"మూడో కన్నం ఉందిగా?"

"కన్నం ఉంది సార్. కన్నం ఎనక ఏం లేదు. గొయ్యి తవ్వి, ఉప్పు, బొగ్గు నింపి, పైపు దింపాలె. రోజు జెర నీళ్లు పోయాలె."

ఇంటాయన పేపర్లోంచి తల ఎత్తకుండానే "తవ్వుకోవయ్యా" అన్నారు. ఇంటావిడ అప్పుడు అల్వాల్‌లో కూతురింట్లో ఉన్నారు. నేను మామ్మగారని పిలిచే ఆవిడది విజయనగరం వైపు. ఆవిడ తిరిగొచ్చేసరికి కనబడిన దృశ్యం ఇది: పొద్దున్నే స్నానం చేసి, తడి లుంగీతో, పెరటి మూల గొయ్యి ముందు కూర్చుని నీళ్లు పోస్తూ, మీటరు అంకెలు గొణుక్కుంటున్న నేను. అదే వారంలో ఇంటాయనకి నడుం పట్టేసింది. ఆవిడ రెండింటినీ కూడారు. (కూడడం నాకొక్కడికే వచ్చనుకునేవాణ్ణి.)

"ఏటి నాయనా, మా పెరట్లో ఏటి పాతిపెట్టినావు?"

"ఎర్తండీ మామ్మగారూ. ఉప్పూ, బొగ్గులూ వేశాం."

"ఉప్పూ, బొగ్గులూనా! ఇంకేటేసినావు? మా ఆయన ఎంట్రుకలు గానీ ఏసినావా?"

(ఇంటాయన నెత్తిన ఎంట్రుకలుంటే ఆ అనుమానం కొంత నిలబడేది.) నేను తడబడకుండా లెక్క చెప్పాను: "న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య నలభై వోల్టులున్నాయండీ, రెండుకి దించాలి."

"నా మొకం మీదే మంత్రం సదువుతున్నావా! అమావాస్యలోగా గొయ్యి పూడ్చీసి, గది ఖాళీ సెయ్యి."

పెళ్లికానివాడికి సికింద్రాబాదులో గది దొరకడమే కష్టం. చేతబడి చేస్తాడన్న పేరు కూడా వచ్చాక ఎవరిస్తారు? గది పోతే పద్దులు పోతాయి. పద్దులు పోతే నేను మళ్లీ మా ఊళ్లో బాబాయి కిరాణా కొట్టులో పొట్లాలు కట్టాలి. బతిమాలుకుందామని కిందికి వెళ్తే, ఆవిడ చేతికి కొంగు చుట్టుకుని ఫ్రిజ్ తలుపు తీస్తున్నారు.

"కొంగెందుకండీ?"

"ముట్టుకుంటే జివ్వుమంటాది. మా అత్తగారు పోయిన కాణ్ణుంచీ అంతే. బతికున్నప్పుడూ నేను దేని మీద సెయ్యేసినా ఆవిడకి పడీది కాదు."

ఒక్క రోజు గడువడిగి, మెకానిక్‌ని మళ్లీ పిలిపించి, గొయ్యిలోంచి ఫ్రిజ్ దాకా పచ్చతీగ లాగించాను. ఆవిడ ముందు ఒక వేలు, తర్వాత అరచెయ్యి మొత్తం తలుపుకి ఆనించారు. జివ్వుమనలేదు.

"ఏటి సేసినావు?"

నా అంకెలన్నీ మింగేసి చెప్పాను: "ఇంట్లో ఏ దోషం ఉన్నా తీగ పట్టుకుని ఆ గొయ్యిలోకి దిగిపోతుందండీ. నీళ్లు పోస్తుంటే పైకి రాదు." (ప్రతి అక్షరం నిజం. ఏ ఎలక్ట్రీషియన్నైనా అడగండి.)

ఆవిడ గొంతు తగ్గించి, "మా అత్తగారు కూడానా?" అన్నారు.

"ముందు ఆవిడేనండీ."

మర్నాడు పొద్దున నేను చెంబుతో వెళ్లేసరికి గొయ్యి అప్పటికే తడిసి ఉంది. చుట్టూ ముగ్గు, పైపుకి పసుపు, కుంకుమ. ఇంటాయన నడుం కూడా సర్దుకుంది. ఆ ఘనత కూడా గొయ్యికే దక్కింది. యూపీఎస్ ఏడుపు మానింది. ఖాళీ చెయ్యమన్న మాట మళ్లీ రాలేదు.

ఇప్పుడు మారేడ్‌పల్లిలో మా అపార్టుమెంటు ఎర్త్ గొయ్యికి నేనే నీళ్లు పోస్తాను. వాచ్‌మన్ "ఇదేం పూజ సార్?" అని నవ్వుతాడు. మీటరు పెట్టి చూస్తే, ఆ పాత ఇంట్లో మామ్మగారు పోసిన రోజుల్లోనే అంకె ఇంకా తక్కువుండేది. ఆవిడ రోజూ పోసేవారు, నేను గుర్తొచ్చినప్పుడు పోస్తాను, తేడా అంతే అని లెక్క చెబుతుంది. సరే, లెక్కే ఒప్పు. అయినా వాచ్‌మన్ అటు తిరిగినప్పుడు చిటికెడు పసుపు కూడా వేసేస్తుంటాను.